మేనమామనని చెప్పి వచ్చినవాడు

"మేనమామ వచ్చి అడిగితే పిల్లాణ్ణి పంపకుండా ఎలా ఉంటానమ్మా? నువ్వైతే ఉంటావా?"

ముక్కు చీదుకుంటూనే తియోదోర్ ఎదురుప్రశ్న వేసింది. 'లాస్ రోహా' అనాథాశ్రమంలో పిల్లల ఆలనాపాలనా చూసేది ఆవిడే. నిన్న సాయంత్రం ఐదేళ్ల మొనాంగ్ ఆవిడ చేతుల మీదుగానే గేటు దాటి వెళ్లాడు. తెల్లారినా తిరిగి రాలేదు.

"నాకు మేనల్లుళ్లు లేరు కాబట్టి ఆ చిక్కు లేదు," అంది లమ్రియా సితోరుస్. "ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, ముందు జరిగింది చెప్పు."

లమ్రియా సరస్సు ఒడ్డునున్న ఆ సిమారిహిత్ ఊళ్లో ప్రైవేటు డిటెక్టివ్. పోలీసు ఉద్యోగం చాలా ఏళ్లు చేసి, తనకన్నా తక్కువ బుర్ర ఉన్నవాళ్లకి సెల్యూట్ కొట్టలేక మానేసింది. ఆవిడ ఆఫీసు కల్లుపాక మీది మేడగది. కింద తాగేవాళ్ల మాటలు నేలచెక్కల సందుల్లోంచి వినే సగం కేసులు తేల్చేస్తుందని ఊళ్లో అంటారు. ఆవిడ ఆ మాట కాదనదు, అలాగని ఫీజూ తగ్గించదు. ఇప్పుడు మాత్రం పిల్లల బెంచీ మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఫీజు ఊసు ఎత్తకుండా ప్రశ్నలు వేస్తోంది.

"పిల్లలు ప్రార్థనకి కాళ్లు కడుక్కుంటున్నారు. అప్పుడొచ్చాడు," అంది తియోదోర్. "యాభై ఏళ్లుంటాయి. మంచి కోటు, చేతిలో నల్ల గొడుగు. 'నేను మొనాంగ్ మేనమామని, గుల్తోమ్ వంశం' అన్నాడు. వాడి తల్లి గుల్తోమ్ పిల్ల అన్న సంగతి ఒక్కటేగా మనకి తెలిసింది! నా గుండె ఆగినంత పనైంది. దుకాణం దాకా తీసుకెళ్లి బిస్కెట్లు కొనిస్తానన్నాడు. సరేనన్నాను."

రెండేళ్ల కిందట సరస్సులో పడవ మునిగినప్పుడు మొనాంగ్ ఒక్కడూ ఒడ్డుకి చేరాడు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన తల్లి శవాన్ని చూసి, సంతకొచ్చినవాళ్లెవరో గుల్తోమ్ వాళ్ల ఆడపడుచని గుర్తుపట్టారు. తండ్రి ఎవరో, ఏ వంశమో చెప్పేవాళ్లు లేరు. మా బటాక్ జాతివాళ్లలో ఎదురైనవాణ్ణి 'బాగున్నావా' అనేకంటే ముందు 'ఏ వంశం' అని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు లేని పిల్లాడికి హఠాత్తుగా మేనమామ దొరికితే, దేవుడే గేటు దగ్గరికి వచ్చినట్టు. తియోదోర్‌ని తప్పుపట్టడానికి లమ్రియాకి కూడా నోరు రాలేదు.

"నడిచొచ్చాడా, బండి మీదా?"

"నడిచే."

"చెప్పులకి బురద ఉందా, ఇసుకుందా?"

తియోదోర్ కాసేపు కళ్లు మూసుకుంది. "ఇసుక. తడి ఇసుక. మెట్ల మీద రాలితే ఊడ్చాను కూడా."

"అంటే పడవ దిగి వచ్చాడు. పిల్లాణ్ణి చూడగానే ఏం చేశాడు? ఎత్తుకున్నాడా? ముద్దు పెట్టుకున్నాడా?"

"లేదు. అదే వింతగా అనిపించింది. వాడి రెండు చేతులూ పట్టుకుని, తల బాగా వంచాడు. దణ్ణం పెట్టినట్టు. ప్రేమ కాబోలనుకున్నా."

"ఐదేళ్ల మేనల్లుడికి యాభై ఏళ్ల మేనమామ దణ్ణం పెట్టాడా?"

"చెప్తున్నాగా, ప్రేమ కాబోలనుకున్నానని!"

మేనమామకి మేనల్లుడు వంగాలి గాని, మేనమామ మేనల్లుడికి వంగడం లమ్రియా పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పక్క హాల్లో పిల్లలు ప్రారంభోత్సవం పాట గొంతెత్తి సాధన చేస్తున్నారు. వాళ్లలో ఒకడు మాత్రం తన సొంత బాణీలో తను పోతున్నాడు. ఇంత కంగారులోనూ పాట ఆపొద్దని ఓప్పుంగ్ హెల్గా ఆజ్ఞ.

ఓప్పుంగ్ అంటే బామ్మ. హెల్గాని జర్మనీలో ఒక చర్చివాళ్లు పడుచుతనంలో ఇక్కడికి పంపారు. జ్వరాలొచ్చి అమ్మానాన్నా పోయిన ముగ్గురు పిల్లల్ని, కాఫీ గింజలు ఆరబోసే కొట్టంలో పెట్టుకుని అన్నం వండటంతో ఈ ఆశ్రమం మొదలైంది. కొట్టం చాలక ఒక ఇల్లు, ఆ ఇల్లు చాలక రెండోది, ఆ తర్వాత మూడోది లేచాయి. అక్కడి చర్చిలో ముసలమ్మలు స్వెట్టర్లు అల్లి అమ్మి పంపితే, ఇక్కడి సంతలో చేపలమ్మే ఆడవాళ్లు నెత్తి మీద ఇటుకలు మోసుకొచ్చారు. సిలాలాహి వంశం పెద్దలు ఆవిణ్ణి తమ ఆడపడుచుగా చేసుకుని నేతవస్త్రం కప్పారు. ఇప్పుడావిడ బటాక్ భాషలో తిట్టే తిట్లు మావాళ్లకే కొత్త. ఇవాళ మధ్యాహ్నం నాలుగో ఇంటి ప్రారంభం. మెదాన్ నగరం నుంచి సంక్షేమ శాఖ అధికారి వస్తున్నాడు. "ఆయన రిబ్బన్ కత్తిరించే వేళకైనా వాడు దొరకాలి," అంది తియోదోర్.

"రిబ్బన్ కాదు, తాళం. తాళం వేయడానికి వస్తున్నాడు," అన్న గొంతు గుమ్మంలోంచి వినపడింది.

ఇన్‌స్పెక్టర్ తోగార్ సియాగియాన్ టోపీ చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. లమ్రియాని చూడగానే అతని మొహం మాడిపోయింది. వెనక్కి పోయే దారి లేక తల కొంచెం వంచి, "హొరాస్, పిన్నీ," అని పలకరించాడు.

అతని తల్లిది సితోరుస్ వంశం. లమ్రియాది కూడా అదే. కాబట్టి వరసకి పిన్ని. పోలీసు స్టేషన్లో ఎంత ఎగిరిపడినా, తల్లి పుట్టింటి వంశం ముందు గొంతు పెంచితే ఇంటికెళ్లాక తల్లే అన్నం పెట్టదు. ఇది తోగార్ ఉద్యోగ జీవితంలో పెద్ద ముల్లు. ఆ సంగతి లమ్రియాకి బాగా తెలుసు.

"హొరాస్, నాన్నా. సన్నబడ్డావు. అన్నం తింటున్నావా?"

"పిన్నీ, దయచేసి ఈ కేసులో వేలు పెట్టకండి. నాకు అంతా తేలిపోయింది. పిల్లల్ని కొనుక్కుపోయే ముఠా ఒకటి ఒడ్డంట తిరుగుతోంది. ఈవిడ పిల్లాణ్ణి వాళ్లకి అప్పజెప్పింది. నేను రిపోర్టు రాసేశాను. మధ్యాహ్నం అధికారి చేతిలో పెడతాను."

"అయ్యో దేవుడా!" అని తియోదోర్ చేతుల్లో మొహం దాచుకుంది.

"ఆ తర్వాత?" అంది లమ్రియా.

"లైసెన్సు రద్దు. పిల్లల్ని జిల్లాకి కొంతమంది చొప్పున ప్రభుత్వ ఆశ్రమాలకి పంచుతారు. నాకూ సంతోషమేం కాదు. చట్టం చట్టమే."

అప్పుడే హెల్గా గుమ్మంలోకి వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, చేతికర్ర పట్టుకుని నిటారుగా నిలబడింది. ఆఖరి మాటలు విన్నట్టే ఉంది.

"వీళ్లు నా దగ్గరికి ఒక్కొక్కళ్లే ఏడుస్తూ వచ్చారు ఇన్‌స్పెక్టర్. రాత్రిళ్లు ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుంటే గాని నిద్రపోరు. ఆ చేతుల్ని ఇప్పుడు నువ్వొచ్చి విడదీస్తావా? లమ్రియా, నాకు ముందు మొనాంగ్ కావాలి. వాడు క్షేమంగా ఉంటే తక్కినవాళ్లకీ గూడు ఉంటుంది. ఎప్పటికి తెస్తావు?"

"మధ్యాహ్నం భోజనం లోపల," అని చెప్పేసింది లమ్రియా. ఎలాగో ఆవిడకీ తెలియదు. మాట ముందు ఇచ్చేసి దారి తర్వాత వెతుక్కోవడం ఆవిడ పద్ధతి. "తియోదోర్, వాడు నిన్న చేతిలో ఏం పట్టుకొచ్చాడు?"

"గొడుగు. ఇంకేం లేదు."

"మనవాడెవడైనా బంధువుల ఇంటికి చేతులూపుకుంటూ వస్తాడా? ఏదో తెచ్చే ఉంటాడు. నీకు కనపడకుండా ఎక్కడో పెట్టాడు. వంటింటికి పద."

వంటింట్లో పండగంతా కనిపిస్తోంది. పొయ్యిల మీద గుండిగలు కుతకుతలాడుతున్నాయి. వంటమనిషి రుమొందాంగ్ ద్వారబంధం నిండా పట్టే మనిషి. గరిట ఎత్తి పట్టుకుని, ఇన్‌స్పెక్టర్ బూట్లకేసి ఉరిమి చూసింది. తోగార్ మారు మాట్లాడకుండా బూట్లు విప్పాడు.

లమ్రియా అటకలు చూసింది, బుట్టలు తిరగేసింది, కుండల మూతలు తీసి వాసన చూసింది. చేప కోసం వెతికింది. కొత్త వస్త్రం కోసం వెతికింది. రెండూ లేవు. తల పైకెత్తితే దూలానికి అరిటాకు పొట్లం ఒకటి వేలాడుతోంది.

"అదేంటి?"

"అదా? పంది పక్కటెముకలు. ఉడికించినవే. నిన్న సాయంత్రం ఎవరో పెరటి గుమ్మంలో ఇచ్చి వెళ్లారు. మన కొత్తింటి పండక్కి ఓప్పుంగ్‌కి గౌరవంగా పంపారనుకున్నా."

"దించు."

రుమొందాంగ్ దించి ఆకు విప్పింది. పక్కటెముకల దిమ్మ, ఒక్క ముక్క కూడా కొయ్యకుండా, పెద్దల ముందు పెట్టే తీరులో నిండుగా ఉంది. లమ్రియా వంగి చూస్తూ ఉండిపోయింది.

"ఇచ్చిన మనిషి ఎలా ఉన్నాడు?"

"కోటేసుకున్నాడు. ఆ... గొడుగు చంకలో పెట్టుకుని, పొట్లం రెండు చేతులతో ఇచ్చాడు."

తియోదోర్ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ముందు గుమ్మంలో మనిషిని చూసింది ఆవిడ, పెరటి గుమ్మంలో మాంసం చూసింది వంటమనిషి. ఇద్దరూ చూసింది ఒక్కణ్ణే అని ఎవరికీ తోచలేదు.

"పిన్నీ, మాంసం ముక్క చూసి కేసు తేలుస్తారా?" అని నవ్వాడు తోగార్. "ముఠావాళ్లు వంటావిణ్ణి మంచి చేసుకోవడానికి ఇచ్చుంటారు."

"పిల్లల్ని ఎత్తుకెళ్లేవాడు పక్కటెముకల దిమ్మ తెచ్చిపెట్టి మరీ ఎత్తుకెళ్తాడా? నువ్వూ బటాక్ తల్లి కడుపునే పుట్టావుగా, చెప్పు. మేనమామ మేనల్లుడి ఇంటికి ఏం తెస్తాడు?"

"చేప. వస్త్రం."

"పంది మాంసం తెస్తాడా?"

"తేడు. ఛ, ఎందుకు తెస్తాడు? అది..." తోగార్ నోరు సగంలో ఆగిపోయింది.

"ఆగావేం? మాంసం ఎవరు ఎవరికి తెస్తారు?"

"పిల్లని చేసుకున్నవాళ్లు... పిల్లనిచ్చిన ఇంటివాళ్లకి."

"ఇంకాస్త చెప్పు. కోయని పక్కటెముకలు?"

"విందులో పిల్లనిచ్చిన ఇంటి పెద్ద భాగం అది," అన్నాడు తోగార్.

లమ్రియా పొయ్యి గట్టు మీద కూర్చుంది. ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి. "వాడు మొనాంగ్‌కి మేనమామ కాదు. గుల్తోమూ కాదు. వాడు చేసుకున్నది మొనాంగ్ ఇంటి ఆడపిల్లని. అంటే పిల్లాడి మేనత్త మొగుడు. వాళ్ల నాన్న తోబుట్టువు ఎక్కడో బతికే ఉంది. ఆ ఇంట్లో మిగిలిన మగనలుసు ఈ ఐదేళ్లవాడొక్కడే. అందుకే ఆ ముసలాడు తల వంచాడు, ఆ భాగం తెచ్చి పెట్టాడు. తండ్రి వైపు చుట్టమంటే ఇక్కడెవరూ నమ్మరు, తల్లి పేరే తెలుసు కాబట్టి మేనమామనన్నాడు. నోటితో అబద్ధం ఆడగలిగాడు గాని, చేత్తో ఆడలేకపోయాడు. పిల్లనిచ్చిన ఇంటికి చేప పట్టుకెళ్తే వంశానికి కీడని భయపడి ఉంటాడు పాపం!"

"ఎందుకు తీసుకెళ్లినట్టు?" అంది హెల్గా.

"ఈ మాంసం ఉడికింది నిన్న. అంటే నిన్న వాళ్లింట్లో, పెళ్లికి ముందురోజు పెట్టేలాంటి విందు జరిగింది. పిల్లనిచ్చిన ఇంటివాళ్ల చాప ఖాళీగా ఉంటే వాళ్ల భాగం మిగిలిపోయింది. తియోదోర్, ఊళ్లో ప్రతి పెళ్లికీ మన పిల్లలే కదా పాడేది? ఇవాళ ఎక్కడెక్కడ పెళ్లిళ్లు?"

"అవతలి ఒడ్డున లుంబాన్ రాంగిత్‌లో ఒకటుంది. పాడటానికి రమ్మని అడిగారు, మన పండగ ఉందని రామన్నాం," అంది తియోదోర్. "అయినా ఆ పెళ్లికి డోళ్లు కూడా లేవంట. పెళ్లికొడుకు తల్లి మార్పావుంగ్ వంశం ఆడపడుచు. ఆవిడ తమ్ముడి కుటుంబం మొత్తం నీళ్లలో పోయింది. మేనమామ ఇంటివాళ్లు లేని పెళ్లి పెళ్లేంటని..."

గరిట కింద పడ్డ చప్పుడు వినిపించింది.

మేనమామ కూతుర్ని చేసుకోకుండా బయటి పిల్లని తెచ్చుకునే పెళ్లికొడుకు, ముందు మేనమామ ఇంటివాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల చేత 'సరే, ఈ పిల్లా మా పిల్లే' అనిపించుకోవాలి. వాళ్లు భుజాల మీద వస్త్రం కప్పితే గాని మనసుకి పెళ్లైనట్టు ఉండదు.

"నీళ్లలో పోయింది అంటే, ఏ పడవ?" అని హెల్గా నెమ్మదిగా అడిగింది.

అందరూ తోగార్ వైపు తిరిగారు. అతను తేలు కుట్టిన దొంగలా గోడకేసి చూస్తున్నాడు.

"ఆ పడవ ఫైలు నాదే," అన్నాడు చివరికి. "అవతలి ఒడ్డు నుంచి ఎవరో వచ్చి అడిగారు. ఎవరూ మిగల్లేదని చెప్పాను. ఈ పిల్లాడు తర్వాత దొరికాడు... నేను కలిపి చూడలేదు."

"నీ మాట నమ్మి ఒక ఆడది రెండేళ్లు ఏడ్చింది," అంది లమ్రియా. ఈసారి గొంతులో ఎగతాళి లేదు. "బూట్లు వేసుకో. పడవ నువ్వే నడపాలి."

సరస్సు మీద మోటారు పడవ పరుగెత్తుతోంది. హెల్గా తను కూడా వస్తానని పట్టుబట్టి ముందు బల్ల మీద కూర్చుంది. లమ్రియా ఊహ తప్పయితే మధ్యాహ్నానికి నాలుగిళ్లకీ తాళం పడుతుంది. అవతలి ఒడ్డు దగ్గరపడే కొద్దీ ఆవిడ చెవులు రిక్కించింది. నీళ్ల మీదుగా డోళ్ల మోత వస్తోంది. ఒక్క డోలు కాదు, మేళం మొత్తం.

"డోళ్లు లేవన్నారుగా?" అన్నాడు తోగార్.

"లేవు. ఇవాళ పొద్దున్నించీ ఉన్నాయి. పోనీ పడవ, తొందరగా!" అని లమ్రియా పకపకా నవ్వేసింది.

పెళ్లి వాకిట్లో ఊరంతా చాపల మీద కూర్చుని ఉంది. గౌరవస్థానంలో, పిల్లనిచ్చిన ఇంటివాళ్ల చాప మీద, మూడు దిండ్లు ఒకదాని మీద ఒకటి వేసి, వాటి మీద మొనాంగ్‌ని కూర్చోబెట్టారు. నేతవస్త్రం చుట్టబెట్టిన ఆ ఒంట్లో మొహమూ, బిస్కెట్ పట్టుకున్న చెయ్యీ తప్ప ఏమీ కనపడటం లేదు. తలలు నెరిసిన పెద్దలు వరసగా వచ్చి వాడి ముందు చేతులు జోడిస్తున్నారు. వాడు ఒక్కొక్కళ్లకీ గంభీరంగా తల ఊపుతున్నాడు. హెల్గా కంట్లోంచి బొటబొటా నీళ్లు కారాయి. దాచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదావిడ.

"ఓప్పుంగ్!" అని మొనాంగ్ దిండ్ల మీద నుంచే అరిచాడు. "నన్ను కిందికి దిగనివ్వట్లేదు!"

నల్ల గొడుగు మనిషి వాళ్లని చూసి లేచాడు. పెళ్లికొడుకు తండ్రి బుంగారాన్ పంజాయితాన్ అతనే. తోగార్ బేడీలు తీసి రెండడుగులు వేశాడు. ఒక ముసలాయన చేతికర్ర అడ్డం పెట్టాడు.

"ఏ వంశం అబ్బాయ్?"

"సియాగియాన్. అడ్డు తప్పుకోండి, నేను డ్యూటీలో ఉన్నాను."

"సియాగియాన్ అంటే మా పంజాయితాన్ వాళ్లకి తమ్ముళ్ల వంశమేగా! అయితే దిండ్ల మీదున్న ఇతను నీకూ పిల్లనిచ్చిన ఇంటి పెద్దే. ముందు దణ్ణం పెట్టు, తర్వాత ఎవర్ని పట్టుకుపోతావో పట్టుకుపో."

తోగార్ లమ్రియా వైపు చూశాడు. ఆవిడ ఆకాశంలో కొంగల్ని లెక్కపెడుతోంది. ఇక తప్పక ఇన్‌స్పెక్టర్ గారు టోపీ తీసి, ఐదేళ్ల పెద్దమనిషి ముందు నడుం వంచారు. మొనాంగ్ కాసేపు ఆలోచించి, కొరికిన బిస్కెట్‌లో సగం అతనికి ఇచ్చాడు. వాకిలి ఘొల్లుమంది.

లమ్రియా మాత్రం నవ్వకుండా బుంగారాన్‌ని పక్కకి లాగింది.

"మనిషివేనా నువ్వు? అక్కడ ఒక ఆడమనిషి రాత్రంతా ఏడ్చింది. నీ మూలంగా అంతమంది పిల్లల గూడు కూలిపోబోయింది. నిజం చెప్పి అడిగితే నోరు పడిపోతుందా?"

"నిన్న విందులో ఒక చేపలావిడ చెప్పిందమ్మా, అక్కడో పిల్లాడున్నాడు, అచ్చం మీ బావమరిది పోలికని. నేను నమ్మలేదు. వాణ్ణి చూశాక అనుమానం తీరిపోయింది. నిజం చెబితే కాగితాలంటారు, కోర్టంటారు. పెళ్లేమో ఇవాళ. సాయంత్రం నేనే తెచ్చి దింపుదామనుకున్నా." అతను చేతులు జోడించాడు. "రెండేళ్లుగా మా ఆవిడ నవ్వలేదు. రాత్రి వీణ్ణి చూసి నవ్వింది. ఇప్పుడు జైల్లో పెట్టినా పోతాను."

జైలు మాట ఎత్తేసరికి తోగార్ చేతిలో బిస్కెట్ చూసుకున్నాడు. "నా రిపోర్టు చించేస్తాను పిన్నీ," అని గొణిగాడు. "పిల్లనిచ్చినవాళ్ల ఇంటికి తాళం వేశానని తెలిస్తే మా వంశంలో నా శవాన్ని మోసేవాడు కూడా ఉండడు."

"తెలివి వచ్చింది. కాస్త ఆలస్యంగా," అంది లమ్రియా.

పెళ్లి పెద్ద మళ్లీ డోళ్లు ఆపించి, మొనాంగ్ ముందు మోకరిల్లి, వాడుక ప్రకారం గొంతు సవరించుకున్నాడు. "మా పిల్లనిచ్చిన ఇంటి దొరగారూ! తమరు వస్త్రం కప్పి దీవించారు. మీ ఇంటి ఆడపడుచుని చేసుకున్నవాళ్లం, మీకు సేవ చేయాల్సినవాళ్లం. తమరు ఏం కోరుకుంటారో సెలవివ్వండి."

ఈ మాటకి సాధారణంగా పెద్దలు 'మీ ప్రేమే చాలు' అంటారు. మొనాంగ్‌కి ఆ సంగతి తెలియదు. వాడు చుట్టూ ఉన్న అన్నం గుట్టలకేసి, మాంసం పళ్లాలకేసి చూశాడు.

"మావాళ్లందరూ రావాలి," అన్నాడు. "తియోదోరక్క కూడా. నేనొక్కణ్ణే తింటే బావోదు."

పిల్లనిచ్చిన ఇంటివాళ్లు కోరాక కాదనేవాడెవడు? ఊళ్లో ఉన్న పడవలన్నీ నీళ్లలోకి దిగాయి. పంజాయితాన్ మగవాళ్లు పిల్లల కోసం అవతలి ఒడ్డుకి పోతే, వాళ్ల ఆడవాళ్లు అప్పుడే, సాయంత్రానికి వాయిదా పడ్డ కొత్తింటి పండగ సంగతి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మా పెద్దింటివాడు ఉండే చోట కొత్తిల్లు తెరుస్తుంటే వంట బయటివాళ్లు చేస్తారా? కట్టెలు మోసేది మనం, గిన్నెలు తోమేది మనం. ఈ ఒక్క సాయంత్రంతో ఏమవుతుంది, ఏటా మనమే చేయాలి. కట్టెలు కొట్టే పని ఇన్‌స్పెక్టర్‌కి పడింది.

హెల్గా లమ్రియా భుజం మీద చెయ్యి వేసింది. "ఇన్నేళ్లూ నేను ఇటుక మీద ఇటుక పేర్చి ఇల్లు కడుతున్నాననుకున్నాను. ఒక్క పిల్లాడికి వంశం దొరికితే ఊరికి ఊరే వచ్చి ఇంటివాళ్లయిపోతోంది!"

అప్పటిదాకా మొనాంగ్ పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెళ్లికొడుకు తల్లి సావుర్మా, లేచి వాళ్ల దగ్గరికి వచ్చింది.

"అమ్మగారూ, వీణ్ణి ఇచ్చారు, మీ కాళ్లు కడిగి నీళ్లు తాగినా తక్కువే. ఒక్క మాట అడగనా? వీడు బతికాడంటే... మరి చంటిది?"

లమ్రియా చటుక్కున తిరిగింది. "ఏ చంటిది?"

"నా తమ్ముడికి ఇద్దరమ్మా. వీడూ, పాలు తాగే ఆడపిల్లా. దాన్ని ఎత్తుకునే వస్త్రం నా మగ్గం మీద నేనే నేశాను. అంచు దగ్గర ఎర్ర నూలు అయిపోతే, పడవ వేళైపోతోందని నీలం నూలుతో ముగించి ఇచ్చాను. ఇలాంటి అంచు ఎక్కడుందే అని మా మరదలు నవ్వింది కూడా."

"తోగార్!" అని లమ్రియా కేక పెట్టింది.

గొడ్డలి పట్టుకుని తోగార్ పరుగెత్తుకొచ్చాడు. సంగతి విని తెల్లబోయాడు. "దక్షిణపు ఒడ్డున ఎవరు తేలినా అది వేరే జిల్లా పిన్నీ. ఆ కాగితాలు నా దగ్గరికి రావు. నేనూ అడగలేదు."

హెల్గా చేతికర్ర కింద పడిపోయింది. ఆవిడ దాన్ని తీసుకోలేదు.

"దక్షిణపు ఒడ్డు ఆసుపత్రి నుంచి," అంది, ఒక్కొక్క మాట కూడదీసుకుంటూ. "పడవ మునిగిన చాలా నెలలకి, ఒక పసిదాన్ని నా దగ్గరికి పంపారు. పేరూ ఊరూ లేదు. నేను దామే అని పేరు పెట్టుకున్నాను. దొరికినప్పుడు ఒక చెక్కకి గుడ్డతో కట్టేసి ఉందట. ఆ గుడ్డ లేకపోతే అది ఇప్పటికీ నిద్రపోదు. ఒక అంచు... ఒక అంచు నీలం."

సరస్సు మీద నుంచి పాట వినపడుతోంది. పడవల నిండా పిల్లలు, ఒకళ్ల మీద ఒకళ్లు పడుతూ గొంతులు చించుకుంటున్నారు. మొదటి పడవలో, రిబ్బన్ కత్తిరించడానికి వచ్చిన మెదాన్ అధికారి, కోటు మీద ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని బిక్కమొహంతో ఉన్నాడు. అతని పక్కన తియోదోర్ చంకలో మూడేళ్ల పిల్ల ఉంది. దాని మెడ చుట్టూ మాసిన నేతవస్త్రం, దాని కొస నీళ్లలో జీరాడుతోంది.

సావుర్మా పట్టుబట్టల సంగతీ పెళ్లి సంగతీ మరిచి, నడుం లోతు నీళ్లలోకి నడిచి వెళ్లిపోయింది. పడవ ఆగకముందే ఆ గుడ్డ కొస అందుకుని, విప్పి చూసి, మొహానికి హత్తుకుని గట్టిగా ఏడ్చింది. డోళ్లవాళ్లు ఏమైందో తెలియకపోయినా ఇంకా గట్టిగా వాయించారు. తోగార్ జేబులోంచి రిపోర్టు తీసి ముక్కలు చేశాడు. ఈ మధ్యాహ్నం తన రిపోర్టు అధికారి చేతికి వెళ్లి ఉంటే, ఈ ఇద్దరూ చెరో జిల్లాకి వెళ్లిపోయేవాళ్లు. ఒకరికొకరు ఏమవుతారో జన్మలో తెలిసేది కాదు.

మొనాంగ్ ఎలాగో దిండ్ల మీద నుంచి జారి, వస్త్రం ఈడ్చుకుంటూ వచ్చి లమ్రియా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ అత్త దామేని ఎందుకు ఎత్తుకుంటోంది? అది మంచిది కాదు. రోజూ నా కంచంలోదే తింటుంది. ఎన్నిసార్లు తోసినా వచ్చి నా పక్కనే కూర్చుంటుంది."

లమ్రియా వంగింది. వాణ్ణి ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకుంది.

"మరి తినదా ఏంట్రా," అంది. "అది నీ చెల్లెలు."